ఇసుక నేలకు బంకమట్టి గుళికలు: ఎకరాకు నాలుగు బస్తాలు వేస్తే తడి నిలుస్తుందా?

హగరి_గట్టు
అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలంలో మాకు నాలుగెకరాలు ఉంది. హగరి ఏటి ఇసుక ఏటేటా గాలికి కొట్టుకొచ్చి చేలమీద పడే ప్రాంతం మాది. చేనిలో నడిస్తే మడమ దాకా దిగబడుతుంది. బోరు రెండంగుళాలు పోస్తుంది కాబట్టి నీళ్లు లేవని చెప్పలేను. ఉన్న నీళ్లు నిలవవు. ఈ పూట తడి ఇస్తే ఎల్లుండి మధ్యాహ్నానికి వేరుశనగ ఆకు ముడుచుకుంటుంది.

పోయిన వారం ఒకాయన ఊరికి వచ్చి బంకమట్టి గుళికలు చూపించాడు. శనగగింజంత ఉన్నాయి, బూడిద రంగు. గ్లాసులో వేసి నీళ్లు పోస్తే కళ్లముందే ఉబ్బాయి. 25 కిలోల బస్తా 1,150 రూపాయలు. ఎకరాకు నాలుగు బస్తాలు చాలట, నీరు నలభై శాతం ఆదా అవుతుందట. నాన్న మాత్రం "ఆ డబ్బుతో చెరువు మట్టి తోలిద్దాం" అంటున్నాడు. నాలుగెకరాలకు 18,400 రూపాయల మాట ఇది. ఎవరైనా వాడి చూశారా?

కదిరి_వేరుశనగ
గుళికలంటే పురుగుమందు గుళికలు అనుకుని తెరిచాను. మట్టిని కూడా గుళికలు చేసి అమ్ముతున్నారా?

గార్లదిన్నె_చీనీ
అమ్ముతున్నారు. బెంటొనైట్ అంటారు. నిజానికి అది మనకు కొత్త కాదు. వేరుశనగకు గంధకం కోసం వేసే బెంటొనైట్ సల్ఫర్ ఉంది కదా, అందులో 90 శాతం గంధకం, మిగతాది ఈ మట్టే. తడి తగలగానే మట్టి ఉబ్బి గుళిక పగలాలని దాన్ని కలుపుతారు. ఆ గంధకం బస్తా తెచ్చి ఇదీ అదే అనుకోవద్దు, రెండింటి పని వేరు.

మా తోటలో రెండేళ్ల కిందట కొత్త చీనీ (బత్తాయి) మొక్కలు నాటినప్పుడు గుంతల్లో ఈ బెంటొనైట్ వేశాను. బతుకు బాగుంది. కాబట్టి పూర్తిగా మోసమని నేననను.

మట్టిబుడ్డి
గుళిక పనిచేస్తుందా లేదా అని అడిగే ముందు ఎంత వేస్తున్నామని అడగాలి. వ్యవసాయ కళాశాలలో నేల శాస్త్రం చదివాను, ఈ లెక్క ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు.

ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. ఆరంగుళాల లోతు వరకు ఉన్న మట్టిని తూకం వేస్తే దాదాపు 900 టన్నులు. అందులో మీరు కలుపుతున్నది నాలుగు బస్తాలు, అంటే 100 కిలోలు. తొమ్మిది వేల పాళ్లలో ఒక పాలు. మంచి బెంటొనైట్ తన బరువుకు ఐదు రెట్ల నీరు పట్టిందనే అనుకుందాం. 500 లీటర్లు అవుతుంది. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు నీరు నిలబడాలంటే 4,000 లీటర్లు కావాలి. అంటే మీ నాలుగు బస్తాలూ కలిసి పట్టేది మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. ఊడలు (కాయ కట్టడానికి నేలలోకి దిగే కాడలు) దిగే దశలో వేరుశనగ ఎండాకాలంలో రోజుకు ఐదు మిల్లీమీటర్లు తాగుతుంది. బస్తాలు దాచిపెట్టిన నీరు మీ పంటకు ఒక మధ్యాహ్నం పావుగంటకు కూడా చాలదు.

గ్లాసులో ఉబ్బడం నిజమే. కానీ మీ చేను గ్లాసు కాదు.

హగరి_గట్టు
లెక్క రెండుసార్లు చదివాను. నాన్నకు కూడా చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు, లేచి వెళ్లి ట్రాక్టరు యజమానికి ఫోను చేశాడు.

కదిరి_వేరుశనగ
మీ నాన్నగారితో మాకు స్నేహం కలిపించండి.

గార్లదిన్నె_చీనీ
మట్టిబుడ్డి అమ్మా, మీ లెక్క చేనంతా చల్లేవారికి సరిపోతుంది. గుంతల మాట వేరు. రెండడుగుల గుంతలో పట్టే మట్టి మహా అయితే 320 కిలోలు. అందులో పది కిలోలు కలిపితే మూడు శాతం. అది లేత వేరు చుట్టూనే ఉంటుంది, డ్రిప్పు చుక్క కూడా అక్కడే పడుతుంది. నేను అలాగే చేశాను.

మట్టిబుడ్డి
ఒప్పుకుంటాను బాబాయ్. గుంతకు పది కిలోలు నిజమైన మోతాదు. ఒక్క ప్రశ్న: గుంతకు పది కిలోలంటే ఈ ధరకు 460 రూపాయలు. మొక్క ధరకన్నా ఎంత ఎక్కువ? చెరువు మట్టి నాలుగు గంపలు పోసినా ఆ మూడు శాతం వచ్చేది కదా?

గార్లదిన్నె_చీనీ
వచ్చేది. ఆ ఏడు మా చెరువులో నీళ్లున్నాయి, మట్టి దొరకలేదు. అదీ సంగతి.

పోరుమామిళ్ల_చెరువు
చెరువు నిండినందుకు బాధపడిన మొదటి రైతును చూస్తున్నాను.

కడప జిల్లా వాడిని కాబట్టి ఒక మాట చెప్పాలి. మా పోరుమామిళ్ల చెరువు 1369 నాటిది, విజయనగర కాలంలో కట్టించారు. అక్కడి శాసనంలో మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు చెప్పారు. ఆ దోషాల్లో చౌడు నేల ఒకటి. ఆరు వందల యాభై ఏళ్ల కిందటే మట్టి గుణం చూసుకోమని రాతిమీద చెక్కించి పెట్టారు. అందువల్ల చెరువు మట్టి అనగానే ట్రాక్టరు పంపకండి. ముందు ఆ మట్టిలో ఉప్పు లేదని తేల్చుకోండి.

గుంటక_గొర్రు
చెరువు మట్టి తోలడం మా తాతల నాటి పద్ధతి. వేసవిలో చెరువు ఎండగానే ఊరంతా బండ్లు కట్టేవారు. బండి మట్టికి ఎవరూ డబ్బు అడిగేవారు కాదు, పూడిక తీసినందుకు చెరువుకూ మేలు, చేనుకూ మేలు. ఇప్పుడు ఆ మట్టి ఇటుక బట్టీలకు పోతోంది. మా ఊళ్లో మూడేళ్లుగా ఇదే తంతు. రైతు అడిగితే అనుమతి కాగితం తెమ్మంటారు, రాత్రిపూట టిప్పర్లు మాత్రం కాగితం లేకుండానే వెళ్తాయి. చూస్తుంటే కడుపు మండిపోతుంది.

రామగిరి_గాలి
పెద్దాయన మాటకు వంద మార్కులు. చెరువు అడుగున ఉన్నది చుట్టుపక్కల చేల పైమట్టే. వానకు కొట్టుకుపోయిన మన సారమే అక్కడ పేరుకుంది. దాన్ని ఇటుకగా కాల్చడమంటే అన్నం తీసి పొయ్యిలో వేయడమే.

హగరి_గట్టు
ఎకరాకు ఎన్ని ట్రిప్పులు తోలాలి? ఎవరిని అడిగినా ఒక్కో లెక్క చెబుతున్నారు. పది అన్నవారున్నారు, యాభై అన్నవారున్నారు.

మట్టిబుడ్డి
ట్రాలీకి మూడు టన్నులు అనుకోండి. ఇరవై ట్రిప్పులు 60 టన్నులు. పరిస్తే చేనంతా అర అంగుళం మందం వస్తుంది. మంచి పూడిక మట్టిలో బంక పాలు 40 శాతం ఉంటే 24 టన్నుల బంకమట్టి చేనికి చేరినట్టు. పై ఆరంగుళాల్లో రెండున్నర శాతం పెరుగుతుంది. ఇసుక నేలకు అది మంచి మొదలు. ట్రిప్పుకు మీ దగ్గర 700 పడుతుందనుకుంటే మొత్తం 14,000.

అదే 24 టన్నులను బస్తాల్లో కొంటే ఎంతో చెప్పనా? కిలో 46 రూపాయల లెక్కన పదకొండు లక్షలు.

కదిరి_వేరుశనగ
పదకొండు లక్షలకు మా దగ్గర పొలమే వస్తుంది.

ఇక నా అనుభవం. అక్క చెప్పిన ఇరవై దగ్గర ఆగండి. నేను ఆశపడి నలభై తోలాను, అదీ వేరుశనగ చేనికి. గడ్డలు సరిగ్గా పగలకుండానే విత్తాను. మొదటి ఏడు పైన గట్టి పొర కట్టి మొలక సగం రాలేదు. వచ్చిన మొక్కకు ఊడలు దిగడానికి నేల గట్టిపడింది. పీకేటప్పుడు నేల పదును ఆరిపోయింది, చెట్టు చేతికొచ్చింది, కాయలు నేలలోనే ఉండిపోయాయి. కూలీలతో తవ్వించి ఏరించాను. కదిరి లేపాక్షి రకం, చెట్టు నిండా కాయ ఉంది, అయినా ఇంటికి సగమే వచ్చింది. వేరుశనగకు నేల గుల్లగా ఉండాలి. తడి నిలవాలని బంక పెంచుకుంటూ పోతే పీకే రోజు ఏడవాల్సి వస్తుంది.

రెండో ఏడు అదే చేనిలో కంది, జొన్న వేశాను. వాన ఎగ్గొట్టినప్పుడు పక్క చేను వాడిపోయినా మాది నాలుగైదు రోజులు ఎక్కువ ఆగింది. మట్టి మంచిదే, నా తొందరే నష్టం చేసింది.

గుంటక_గొర్రు
నలభై తప్పు కాదు నాయనా, ఒకే ఏడు వేయడం తప్పు. ఏప్రిల్‌లో తోలాలి. కుప్పలు పోసి వదలకుండా పరవాలి. ఎండకు గడ్డ బాగా ఎండాలి. తొలి వానకు ఎండిన గడ్డ తనంతట తానే పిండిలా విచ్చుకుంటుంది. అప్పుడు గుంటక తోలితే ఇసుకలో కలుస్తుంది. పచ్చిగడ్డ మీద నాగలి పెడితే ముద్దలు ముద్దలుగా మిగులుతుంది. తర్వాత గొర్రెల మంద కట్టించాలి. ఎరువు లేని బంకమట్టి ఇసుకతో కాపురం చేయదు.

రామగిరి_గాలి
ఇంకోటి. ఏప్రిల్‌లో పరిచి ఆషాఢం దాకా అలాగే వదిలేస్తే మెత్తని మట్టి గాలికి లేచిపోతుంది. మా ఊరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. తొలి వానకే కలిపేయండి.

మిద్దెతోట_కర్నూలు
నేను రైతును కాను, మిద్దె మీద కుండీల్లో కూరగాయలు పెంచుతాను. మట్టి గుళికలు అంటే నాకు తెలిసినవి ఎర్రగా, గుండ్రంగా, తేలికగా ఉంటాయి. నీళ్లలో వేస్తే ఉబ్బవు, కరగవు. కుండీ అడుగున వేస్తే నీరు నిలవకుండా పోతుంది. మరి అవి తడి నిలపడానికని ఇక్కడ ఎలా అంటున్నారు? మా అమ్మ మొదటిసారి ఆ సంచి చూసి నానబెడదామని గిన్నె తెచ్చింది, ఏదో కొత్త రకం శనగలనుకుని.

మట్టిబుడ్డి
మీరు వాడేవి కాల్చిన గుళికలు. బంకమట్టిని దాదాపు 1,200 డిగ్రీల వేడిలో తిప్పుతూ కాల్చితే లోపల గాలి బుడగలు ఏర్పడి ఉబ్బి గట్టిపడుతుంది. ఒకసారి కాలిన మట్టి మళ్లీ బంక కాదు, కుండ పెంకు నానిపోదు కదా. అవి గాలి ఆడటానికి, నీరు దిగడానికి పనికొస్తాయి. హగరి_గట్టు గారికి చూపించినవి కాల్చనివి, తడి తగిలితే విచ్చుకునేవి. పేరొకటే, గుణాలు తలకిందులు. కొనేవారు గ్లాసు పరీక్ష తప్పక చేయాలి. కాల్చిన వాటిని ఇసుక చేనిలో చల్లితే గులకరాళ్లు చల్లినట్టే.

అమ్మగారికి నమస్కారాలు చెప్పండి.

నంద్యాల_రేగడి
మా దగ్గర నల్లరేగడి ఎంత కావాలంటే అంత ఉంది. వేసవిలో కాలు పట్టేంత నెర్రెలు, వానాకాలంలో చెప్పు ఊడేంత బంక. ఇసుక వాళ్లకు మా మట్టి, మాకు మీ ఇసుక కలిపితే ఇద్దరం బాగుపడతాం.

మట్టిబుడ్డి
సరదాగా అన్నా మీరు అసలు విషయం చెప్పారు. బెంటొనైట్‌లో ఉండే ముఖ్య ఖనిజం పేరు మాంట్‌మొరిల్లొనైట్. మన నల్లరేగడి ఉబ్బడానికి, నెర్రెలివ్వడానికి కారణం కూడా ఆ జాతి ఖనిజాలే. కచ్ నుంచో బాడ్‌మేర్ నుంచో తవ్వి, ఎండబెట్టి, గుళికలు చేసి, బస్తాకు నింపి తెస్తున్నది మన రేగడికి అన్నదమ్ముల వరసే. ఎర్రనేలల్లో ఉండే బంక ఎక్కువగా కేయొలినైట్, అది అంతగా ఉబ్బదు, పోషకాలను కూడా తక్కువగా పట్టుకుంటుంది. కాబట్టి నల్లనేలల నీరు చేరే చెరువు మట్టి దొరికితే ఎర్రచెరువు మట్టికన్నా తక్కువ మోతాదు చాలు.

గార్లదిన్నె_చీనీ
అలాగని ఒకరి రేగడి చేను పైమట్టి గీకి ఇంకొకరి చేనుకు తోలడం మొదలుపెడతారేమో. దయచేసి ఆ పని చేయకండి. మా పక్క ఊరిలో ఒకాయన అప్పుల్లో ఉండి రెండడుగుల మట్టి అమ్ముకున్నాడు. ఇప్పుడు అక్కడ కంపచెట్లు తప్ప మొలిచేది లేదు. ఇప్పటికీ ఆ చేను పక్కగా పోవాలంటే మనసొప్పదు.

నంద్యాల_రేగడి
నిజమే అన్నా. నేను మాట వరసకన్నాను. మట్టి అమ్ముకునేది కాదు.

కోడూరు_బొప్పాయి
ఇంతసేపూ మట్టి గురించే మాట్లాడారు, నీళ్లు పెట్టే పద్ధతి ఎవరూ అడగలేదు. మాది రైల్వే కోడూరు దగ్గర, ఏటి పక్క ఇసుక నేల. ఇసుకలో డ్రిప్పు చుక్క పక్కకు పాకదు, నేరుగా కిందికి పోతుంది. బంకనేలలో తడి పళ్లెంలా పరుచుకుంటుంది, ఇసుకలో ములక్కాడలా దిగుతుంది. మేము పూటకు మూడు గంటలు వదిలేవాళ్లం. ఒకసారి మొక్క పక్కన తవ్వి చూస్తే మూడడుగుల కింద తడి ఉంది, వేరున్న చోట ఆరిపోయింది. అప్పటి నుంచి పొద్దున గంట, సాయంత్రం గంట ఇస్తున్నాం. లేటరల్ (డ్రిప్పు పైపు) మీద చుక్కలు దగ్గర దగ్గరగా పెట్టించాం. వేరుశనగ పొట్టు, అరటాకులు మొక్క మొదట్లో కప్పాం. పెద్ద పెట్టుబడి లేకుండా వారానికి ఒక తడి మిగిలింది. హగరి_గట్టు గారు ముందు ఇది చేసి, తర్వాత మట్టి సంగతి చూడండి.

హగరి_గట్టు
మాది స్ప్రింక్లర్. రోజు విడిచి రోజు నాలుగు గంటలు వదులుతున్నాం. మీ మాట విన్నాక నిన్న సాయంత్రం తవ్వి చూశాను. పైన జానెడు పొడి, కింద రెండడుగులకు తడి. నా బోరు నీళ్లు నేనే పాతాళానికి తిరిగి పంపిస్తున్నాను. రేపటి నుంచి రోజూ రెండు గంటలే.

కోడూరు_బొప్పాయి
తెల్లవారుజామున పెట్టండి. మధ్యాహ్నం పెడితే మీ గాలికి సగం చేను దాటిపోతుంది.

కదిరి_వేరుశనగ
హైడ్రోజెల్ ఎవరైనా వాడారా? ఢిల్లీ భారత వ్యవసాయ పరిశోధన సంస్థ వారి పూసా హైడ్రోజెల్ గురించి ఒక సమావేశంలో చెప్పారు. ఎకరాకు ఒకటి రెండు కిలోలే.

మట్టిబుడ్డి
అది మట్టి కాదు, పాలిమర్. తన బరువుకు 350 రెట్ల నీరు పట్టగలదని చెబుతారు. రెండు కిలోలకు 700 లీటర్లు. ఎకరం మొత్తానికి చూస్తే అదీ మిల్లీమీటరులో ఐదారో వంతే. అందుకే దాన్ని విత్తనం పడే సాలులోనే వేయమంటారు, చల్లమనరు. మొలక దశ దాటించడానికి సాయపడుతుంది. ఆ 350 రెట్లు మంచినీటికి. మన ఉప్పు బోరు నీళ్లు పోస్తే చాలా తగ్గిపోతుంది.

బంకమట్టికీ ఒక పరిమితి ఉంది, అదీ చెప్పాలి. ఇసుక నీటిని కొంచెమే పట్టి ఉన్నదంతా మొక్కకు ఇచ్చేస్తుంది. బంకమట్టి చాలా పట్టి కొంత తన దగ్గరే బిగించి ఉంచుకుంటుంది, వేరు ఎంత లాగినా ఆ నీరు రాదు. మొక్కకు ఎక్కువ నీరు ఇచ్చేది మధ్యస్థంగా ఉండే నేల, ఇసుక, ఒండ్రు, బంక మూడూ కలిసినది. అందుకే మొదటి ప్రయత్నంలో రెండు మూడు శాతం పెంచి ఆగమంటున్నాను. దక్షిణ ఆస్ట్రేలియాలో ఇసుక చేలకు హెక్టారుకు వంద, రెండు వందల టన్నుల బంకమట్టి పరుస్తారు. అక్కడి ఇసుక రేణువులకు మైనం లాంటి పూత పట్టి వాన నీరు లోపలికి దిగదు, ఆ జబ్బుకు అది మందు. వారిలో చాలామంది ఆ మట్టిని దూరం నుంచి తేరు, తమ చేను కిందనే తవ్వి పైకి తెస్తారు.

గుంటక_గొర్రు
మన ఎర్రనేలల్లో కూడా చాలాచోట్ల అడుగున ఉన్నంత బంక పైన ఉండదు. వాన బంకను కిందికి దించుతుంది. ఒక గుంత తీసి చూస్తే తెలుస్తుంది.

హగరి_గట్టు
ఈ మాట చదివి అవ్వతో అన్నాను. ఆమెకు ఎనభై దాటాయి. "ఈ చేను నేను కాపురానికి వచ్చినప్పుడు నల్లగా ఉండేది రా, జొన్న నా ఎత్తు పెరిగేది. ఇసుక తర్వాత వచ్చి పడింది" అంది. నేనెప్పుడూ ఈ మాట వినలేదు. నాన్నకు కూడా లీలగానే గుర్తుంది.

ఆదివారం తవ్వి చూస్తాం.

పోరుమామిళ్ల_చెరువు
ఆదివారం సాయంత్రానికి ఇక్కడ రాయకపోతే మేము అందరం బస్సెక్కి వస్తాం.

మట్టిబుడ్డి
తవ్వేటప్పుడు అడుగుకో సీసా చొప్పున మట్టి తీయండి. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు సబ్బుపొడి. బాగా గిలకరించి కదపకుండా పెట్టండి. ఒక నిమిషంలో అడుగుకు చేరేది ఇసుక. రెండు మూడు గంటల్లో దాని మీద పేరుకునేది ఒండ్రు. మర్నాటికి పైన మెత్తగా దిగేది బంక. స్కేలు పెట్టి మూడు పొరల మందం కొలవండి.

మిద్దెతోట_కర్నూలు
నేను కుండీ మట్టితో ఇప్పుడే చేశాను. పిల్లలు సీసా ముందు నుంచి కదలడం లేదు.

హగరి_గట్టు
తవ్వాం. నాలుగు మూలలా, నడుమ ఒకటి, మొత్తం ఐదు గుంతలు.

ఏటి వైపు రెండు గుంతల్లో ఆరడుగుల దాకా ఇసుకే, ఆపేశాం. నడుమ గుంతలో నాలుగడుగులకు రంగు మారింది. ఊరి వైపు మూలలో మూడడుగులకే నల్లమట్టి. పార దిగలేదు, గడ్డపార వేయాల్సి వచ్చింది. పిడికెడు తీసి తడిపి నలిపితే తాడులా సాగింది, వేలికి చుడితే తెగలేదు. నాన్న ఆ ముద్దను అవ్వ చేతిలో పెట్టాడు. ఆమె వాసన చూసి నవ్వింది.

సీసాల సంగతి: పైమట్టిలో బంక కంటికి ఆనలేదు, గీత మాత్రమే. మూడడుగుల మట్టిలో సగానికి దగ్గరగా బంక ఉంది.

రామగిరి_గాలి
చదువుతుంటే ఒళ్లు పులకరించింది. మీ అవ్వ గారి జొన్న చేను మూడడుగుల కింద నిద్రపోతోంది.

కదిరి_వేరుశనగ
బస్తాలమ్మిన ఆయన మళ్లీ వస్తే ఆ గుంత చూపించండి.

పోరుమామిళ్ల_చెరువు
సంతోషమే. కానీ చౌడు మాట మరవద్దు. పాత నేల అడుగున ఉప్పు పేరుకుని ఉండవచ్చు. పైకి తెచ్చాక తెలిస్తే పైన ఉన్న ఇసుక నేల కూడా పోతుంది.

మట్టిబుడ్డి
ఆయన మాట అక్షరాలా పాటించండి. నల్లమట్టి నమూనా అరకిలో నీడన ఆరబెట్టి భూసార పరీక్షకు పంపండి. ఉదజని సూచిక (pH) 8.5 దాటకూడదు, లవణాలు చూపే ఈసీ 1 లోపు ఉండాలి. ఈలోగా ఇంట్లో ఒక పరీక్ష: శనగగింజంత ఎండిన గడ్డను వాననీటిలో కదపకుండా వేసి మర్నాడు చూడండి. గడ్డ చుట్టూ నీరు పాలలా మబ్బుగా మారితే సోడియం ఎక్కువని గుర్తు, జిప్సం లేకుండా వాడకూడదు. విడిపోయినా నీరు తేటగా ఉంటే భయం తక్కువ.

గార్లదిన్నె_చీనీ
బెంటొనైట్ కొనాలనే కోరిక ఇంకా ఎవరికైనా ఉంటే దానికీ ఒక చోటు ఉంది. ఇసుక నేలలో తవ్వించిన సేద్యపు కుంటల్లో నీరు వారం నిలవదు. కుంట అడుగుకు, గట్టు లోపలి వైపుకు చదరపు మీటరుకు 5 నుంచి 15 కిలోల సోడియం బెంటొనైట్ కలిపి దిమ్మిస చేస్తే ఇంకడం తగ్గుతుంది. కుంట పూర్తిగా ఎండితే మళ్లీ పగుళ్లిస్తుంది, అది గమనించాలి. చేనిలో ఎందుకు వేయకూడదో కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది. సోడియం రకం నీటి దారి మూసేస్తుంది. చేనుకు అయితే కాల్షియం రకం అడగాలి.

హగరి_గట్టు
పరీక్ష కాగితం వచ్చింది. మూడడుగుల నల్లమట్టి: ఉదజని సూచిక 8.1, ఈసీ 0.4. వాననీటి గిన్నెలో గడ్డ విచ్చుకుంది, నీరు తేటగానే ఉంది. నాలుగడుగుల గుంత మట్టి మాత్రం 8.7 చూపింది, దాని జోలికి వెళ్లం.

ఊరి వైపు మూలలో అర ఎకరానికి మాత్రమే చేస్తున్నాం. జేసీబీ సోమవారం వస్తుంది. ఇసుక పక్కకు తీసి, నల్లమట్టి ముప్పై టన్నులు లెక్కగా పైకి తెచ్చి, గుంతను మళ్లీ ఇసుకతో పూడుస్తాం. మంద కోసం గొర్రెల కాపరితో మాట్లాడాం, ఐదు రాత్రులు కడతానన్నాడు.

గుంటక_గొర్రు
ముందు ఆ మట్టిని ఎండనివ్వు నాయనా. తొందరపడవద్దు.

కదిరి_వేరుశనగ
మొదటి ఏడు వేరుశనగ వద్దు. నా మాట వినండి.

హగరి_గట్టు
వేరుశనగ కాదు. అవ్వ జొన్న వేయమంది.

మట్టిబుడ్డి
పక్కనే ఇంకో అర ఎకరం ఏమీ కలపకుండా వదలండి. విత్తనం, ఎరువు, నీళ్లు రెండింటికీ ఒకటే ఉండాలి, లేకపోతే వచ్చిన తేడా మట్టిదో వానదో తెలియదు.

హగరి_గట్టు
వదిలాం అక్కా. నాన్న తాడు కట్టి గుర్తులు పాతాడు. రెండింట్లోనూ ఒకే రోజు విత్తుతాం. ఒక వాన పడి వారం ఎండ కాశాక రెండు చేలూ తవ్వి, ఏది ఎంత లోతుకు తడిగా ఉందో ఇక్కడే రాస్తాను.